షేర్‌ఎక్స్: స్పీడు సరే, అప్‌లోడ్ సంగతి ముందు చూసుకోండి

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్టులో పనంటే రోజంతా స్క్రీన్‌షాట్లే. "ఎక్కడ నొక్కాలండీ?" అని కస్టమర్ అడిగితే ఫోన్లో వివరించేకంటే బాణం గీసిన బొమ్మ పంపడం తేలిక. ఇందుకోసం కొన్నేళ్లుగా విండోస్‌లో షేర్‌ఎక్స్ అనే స్క్రీన్‌షాట్ టూల్ వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనల గోల లేదు. స్టీమ్‌లో కూడా దొరుకుతుంది, గేములమ్మే కొట్లో దీనికేం పనో మరి!

కంట్రోల్, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కి, కావలసినంత మేర మౌస్‌తో గీస్తే చాలు. బొమ్మ మీద 1, 2, 3 అని వరుసగా అంకెలు వేసే సాధనం ఒకటుంది. రిటర్న్ ఫైల్ చేసే స్టెప్పులు చూపించడానికి నేను ఎక్కువగా వాడేది అదే.

ఇక అసలు విషయం. క్యాప్చర్ తర్వాత ఏం చేయాలో చెప్పే జాబితాలో అప్‌లోడ్‌కు టిక్ ఉంటే, బొమ్మ నేరుగా ఇమ్‌గుర్ లాంటి, బొమ్మలు పెట్టుకునే సైటుకు వెళ్లిపోయి లింక్ క్లిప్‌బోర్డులో సిద్ధంగా ఉంటుంది. క్షణాల్లో పని. కానీ ఆ లింక్ ఎవరి చేతికి చిక్కినా బొమ్మ తెరుచుకుంటుంది. మా తెరల మీద ఉండేవి పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు. అందుకే ఆ టిక్ తీసేసి, అప్‌లోడ్‌కు వేరే హాట్‌కీ పెట్టుకున్నాను. పంపేముందు ఒకసారి అడిగే విండో కూడా ఆన్ చేశాను. పొరపాటున పైకి వెళ్లినా హిస్టరీలో డిలీట్ లింక్ దొరుకుతుంది. ఇలాంటిదే మరో టూల్ లైట్‌షాట్ జోలికి వెళ్లకపోవడానికి కారణం కూడా లింకే. దాని చిన్న లింకుల్లో అక్షరాలు మార్చి చూస్తే వేరేవాళ్ల బొమ్మలు కనిపిస్తాయన్నది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే.

నంబర్లు దాచడానికి బ్లర్, పిక్సెలేట్ రెండూ ఉన్నాయి గానీ నేను నమ్మను. గళ్లుగా మార్చిన అక్షరాలను తిరిగి రాబట్టే డీపిక్స్ అనే టూల్ 2020లోనే వచ్చింది. నిండుగా నల్ల డబ్బా వేసేయడమే మేలు. తర్వాత కత్తిరించుకోవచ్చులే అని తెర మొత్తం తీయడం కూడా మానుకోండి. 2023లో విండోస్ 11తోనే వచ్చే స్క్రీన్‌షాట్ టూల్ స్నిప్పింగ్ టూల్‌లో ఒక లోపం బయటపడింది. కత్తిరించి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, తీసేసిన భాగం తాలూకు డేటా ఫైల్లోనే ఉండిపోయేది. మైక్రోసాఫ్ట్ సరిచేసింది లెండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. తీసిన ప్రతి బొమ్మా డాక్యుమెంట్స్‌లో నెలవారీ ఫోల్డర్లలో పోగవుతుంది. మీ డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతుంటే, అప్‌లోడ్ ఆపినా బొమ్మలన్నీ క్లౌడ్‌కు చేరుతున్నట్టే. సేవ్ అయ్యే చోటు మార్చుకోండి.

లోపాలూ ఉన్నాయి. సెట్టింగులు పద్మవ్యూహం, కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. పొడవాటి పేజీని కిందికి జరుపుతూ ఒకే బొమ్మగా తీసే స్క్రోలింగ్ క్యాప్చర్ ఒకసారి కుదిరితే మరోసారి అతుకులు కనిపిస్తాయి. లైనక్స్‌కు రాదు, అక్కడ నేను ఫ్లేమ్‌షాట్ వాడతాను. రోజుకు ఒకటో రెండో పంపేవాళ్లకు ఇదంతా అనవసరం. విండోస్, షిఫ్ట్, ఎస్ నొక్కి వాట్సాప్ వెబ్‌లో పేస్ట్ చేసుకుంటే సరిపోతుంది.