మే డేనా, లేబర్ డేనా?

మే 1న జరిపే మే డే, అమెరికాలో సెప్టెంబర్ మొదటి సోమవారం జరిపే లేబర్ డే: రెండూ అమెరికాలో పుట్టినవే. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం అక్కడి కార్మికులు సమ్మెకు దిగారు. 4వ తేదీన షికాగో హేమార్కెట్‌లో బాంబు పేలింది, కాల్పులు జరిగాయి. 1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టుల సభ మే 1ని అన్ని దేశాల కార్మికులదిగా ప్రకటించింది. మనవైపు 1923లో మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు తొలి మే డే జరిపారు.

లేబర్ డే కథ వేరు. 1882 సెప్టెంబర్‌లో న్యూయార్క్ యూనియన్లు ఊరేగింపు తీశాయి. 1894లో పుల్‌మన్ రైల్వే సమ్మె నడుస్తుండగానే అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సెలవు చట్టంపై సంతకం పెట్టి, కొద్ది రోజులకే సమ్మె మీదికి సైన్యాన్ని పంపాడు! ఇప్పుడది చాలామందికి లాంగ్ వీకెండ్, షాపుల్లో సేల్.

హాయిగా సెలవు కావాలంటే లేబర్ డే. జీతం బేరమాడే బలం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు చెప్పాలంటే మాత్రం నా ఓటు మే డేకే. కాకపోతే మన దగ్గర ఎందరో కాంట్రాక్టు కార్మికులకు ఆ రోజూ డ్యూటీయే.