దత్తత తర్వాత ఎవరి సాయం మేలు? శిశుగృహ, సైకాలజిస్ట్, తోటి తల్లిదండ్రులు

దత్తతకు ముందు చెప్పేవాళ్లు బోలెడుమంది. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్‌లో పేరెలా నమోదు చేసుకోవాలి, ఇల్లు చూడటానికొచ్చే సోషల్ వర్కర్ ఏమడుగుతారు, ఏ కాగితం ముందు సిద్ధం చేసుకోవాలి... అన్నీ చెప్తారు. బిడ్డ ఇంటికొచ్చి, కలెక్టర్ ఇచ్చే దత్తత ఉత్తర్వు చేతికందాక ఫోన్లు తగ్గిపోతాయి. అసలు సందేహాలు అప్పుడే మొదలవుతాయి. పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది, ఎవరినడగాలి? బాబుకి మూడేళ్లొచ్చినా రెండు మాటలు కలిపి అనడం లేదు, ఇది మామూలేనా? పద్నాలుగేళ్ల పిల్ల "నువ్వు నా సొంత అమ్మవి కాదు" అనేసి తలుపేసుకుంది, ఇప్పుడేం చెయ్యాలి?

మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటప్పుడు వెళ్లగలిగే చోట్లు ముఖ్యంగా మూడు. అప్పటిదాకా బిడ్డను పెంచి మనకిచ్చిన శిశుగృహ లేదా దత్తత ఏజెన్సీ, డబ్బు కట్టి చూపించుకునే సైకాలజిస్ట్, మనలాగే పిల్లల్ని పెంచుకున్న తోటి తల్లిదండ్రులు. నేనూ అలాంటి ఇంటి మనిషినే. నా లెక్క ఇది: మొదటి రెండేళ్లు శిశుగృహ, ఆ తర్వాత పదేళ్లు వచ్చేదాకా తోటి తల్లిదండ్రులు, టీనేజ్‌లో సైకాలజిస్ట్. ఈ లెక్క తప్పే సందర్భాలు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు శిశుగృహ సంగతి. 2022 దత్తత నిబంధనల ప్రకారం బిడ్డ మీ ఇంటికొచ్చిన రోజు నుంచి రెండేళ్ల పాటు ఆర్నెల్లకోసారి ఏజెన్సీవాళ్లు పిల్లల బాగోగులు చూసి రిపోర్ట్ ఇవ్వాలి. ఆ రోజు మన ఇళ్లలో జరిగేది చూడాలి. పెళ్లిచూపులకు సర్దినట్టు ఇల్లు సర్దేస్తాం. గోడ మీద క్రేయాన్ గీతలు తుడిచేస్తాం, పాపకి పట్టు లంగా వేస్తాం. సోషల్ వర్కర్ "పాప ఎలా ఉందండీ?" అనగానే "చాలా బాగుందండీ, ఏ ఇబ్బందీ లేదు" అంటూ టీ అందిస్తాం. ఆవిడ అదే రాసుకుని వెళ్లిపోతారు. ముందు రోజు రాత్రి పాప మూడుసార్లు లేచి ఏడ్చిన సంగతి ఎవరూ ఎత్తరు. నిజం చెప్తే "వీళ్లు సరిగ్గా చూసుకోవడం లేదు" అని రాసి బిడ్డను తీసుకుపోతారేమోనని టెన్షన్.

ఈ భయం వల్ల ఉచితంగా దొరికే సాయం చేజారుతోంది. బిడ్డ ఇంట్లో సర్దుకోలేకపోతుంటే కౌన్సెలింగ్ ఏర్పాటు చెయ్యడం, లేదా అది దొరికే చోటికి పంపడం ఏజెన్సీ బాధ్యత అని అవే నిబంధనలు చెప్తున్నాయి. ఇబ్బంది ఉందని మీరు నోరు విప్పితేనే కదా వాళ్ల పని మొదలయ్యేది! 2025 జూలైలో కారా మళ్లీ గట్టిగా ఆదేశాలిచ్చింది. దత్తతకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ అందేలా రాష్ట్ర, జిల్లా స్థాయిలో అర్హత ఉన్న కౌన్సెలర్లను నియమించుకోవాలనో, ప్యానెల్‌లో చేర్చుకోవాలనో రాష్ట్రాలకు చెప్పింది. అందుకని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లినప్పుడు "ఏమైనా సాయం దొరుకుతుందాండీ" అని అడగొద్దు. "దత్తత కౌన్సెలర్‌గా మీ ప్యానెల్‌లో ఎవరున్నారు, ఫోన్ నంబర్ ఇవ్వండి" అని అడగండి. మొదటి ప్రశ్నకు "చూద్దాం" అనేసి ఊరుకోవచ్చు. రెండోదానికి ఒక పేరైనా చెప్పాలి, లేరనైనా ఒప్పుకోవాలి.

శిశుగృహకు ఇంకో బలం ఉంది, అది మిగతా ఇద్దరికీ ఎంత డబ్బిచ్చినా రాదు. మీ బిడ్డ మొదటి నెలలు చూసింది వాళ్లే. ఏ ఆయమ్మ ఎత్తుకుంటే ఏడుపు ఆపేది, పక్కలో ఎవరైనా ఉంటేనే పడుకునేదా, ఉయ్యాల అలవాటుందా, పాలు ఏ వేడిలో తాగేది, ఏ పేరుతో పిలిచేవాళ్లు, ఇవి బిడ్డ గురించి ఏజెన్సీ రాసిచ్చే చైల్డ్ స్టడీ రిపోర్ట్‌లో పూర్తిగా ఉండవు. ఆయమ్మలు ఎక్కడా ఎక్కువ కాలం ఉండరు కాబట్టి ఇవన్నీ మొదటి ఏడాదిలోనే అడిగి రాసుకోవాలి.

బలహీనత ఏమిటంటే, రెండేళ్లతో ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. ఎనిమిది నెలల బిడ్డ వచ్చిందనుకోండి. మూడేళ్లు నిండకముందే ఆఖరి రిపోర్ట్ అయిపోతుంది. "నేను నీ పొట్టలోంచే వచ్చానా?" అనే ప్రశ్న నాలుగైదేళ్లకు వస్తుంది. అప్పటికి ఫైలు బీరువాలో ఉంటుంది, మీకు తెలిసిన సోషల్ వర్కర్ బదిలీ అయిపోయుంటారు.

అక్కడి నుంచి నా ఓటు తోటి తల్లిదండ్రులకు.

ఒక ఇంట్లో నాలుగేళ్ల బాబు. వచ్చి మూడు నెలలైంది, అన్నం బాగానే తింటున్నాడు. కానీ దిండు కింద చపాతీ ముక్కలు, స్కూల్ బ్యాగ్ అడుగున మెత్తబడిపోయిన బిస్కెట్లు, సోఫా సందులో ఎండిపోయిన ఇడ్లీ దొరుకుతున్నాయి. చీమలు పట్టేస్తున్నాయని నాయనమ్మ విసుక్కుంటోంది. "కడుపు నిండా పెడుతున్నాం కదా, ఈ దొంగబుద్ధి ఎక్కడిది?" అని బంధువులెవరో అనేశారు కూడా. వాళ్లమ్మ మా బృందంలో ఒక పెద్దావిడకు ఫోన్ చేసింది. ఆవిడ కూతురికి ఇప్పుడు ఇరవై దాటాయి. ఆవిడ పెద్దగా ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "ఒక మూత డబ్బా వాడికిచ్చెయ్యమ్మా. ఇది నీదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో అని చెప్పు. ఖాళీ అవ్వకుండా మాత్రం నువ్వు చూసుకో. తిట్టకు, లెక్కపెట్టకు." కొన్ని వారాలకు దిండు కింద వెతకాల్సిన అవసరం తగ్గిపోయింది. హోమ్‌లో పెరిగిన పిల్లల్లో తిండి దాచుకోవడం తరచూ కనిపించేదేనని చదువుకున్నవాళ్లూ చెప్తారు. కానీ రాత్రి తొమ్మిదింటికి, ఫీజు లేకుండా, "మా అమ్మాయీ ఇంతే చేసేది" అని నవ్వుతూ చెప్పేది మాత్రం అనుభవించినవాళ్లే.

పిల్లలకు ఇంకా పెద్ద లాభం ఉంది. తనలాంటి పిల్లలు ఇంకో పది మంది ఒకే పార్కులో ఆడుకుంటూ కనిపిస్తే, దత్తత అంటే తన ఒక్కరికే జరిగిన వింత కాదని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. బెంగళూరులో సుదత్త లాంటి దత్తత కుటుంబాల సంఘం ఉంది. మన దగ్గర ఎక్కువగా వాట్సాప్ గ్రూపులే. కుదిరితే నెలకోసారైనా పిల్లలతో కలవమని నేను పోరు పెడుతుంటాను.

అయితే గ్రూపుల మీద నాకున్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. పిల్లల కథ అక్కడ పరుగులు పెడుతుంది. ఏ ఊళ్లో, పిల్లల్ని వదిలివెళ్లే ఏ ఉయ్యాలలో దొరికిందో, కన్నతల్లి వయసెంతో, ఫొటోతో సహా రెండు వందల మందికి వెళ్లిపోతుంది. ఆ కథ మనది కాదు, పిల్లది. రేపు పదహారేళ్లొచ్చాక ఆ పిల్ల తన సంగతి తనకన్నా ముందు ఊరందరికీ తెలుసని కనిపెడితే? ప్రశ్న అడగండి, పేరూ ఫొటో పుట్టుకా పెట్టకండి. రెండోది, గ్రూపులో అందరూ డాక్టర్లే. మాట ఆలస్యమైతే "మా వాడూ ఐదేళ్లకే మాట్లాడాడు, కంగారు పడకు" అని ధైర్యం చెప్తారు. ఆ ధైర్యంతో ఏడాది పోతే ఆ ఏడాది మళ్లీ రాదు.

నా లెక్క తప్పే మొదటి సందర్భం ఇదే. ఎదుగుదలలో తేడా కనిపిస్తే వయసుతో పని లేదు, గ్రూపుని పక్కనబెట్టి నిపుణుల దగ్గరికి వెళ్లాలి. దీనికి ప్రైవేటుకే వెళ్లాలనీ లేదు. జిల్లా ఆసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే కేంద్రాల్లో స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఉచితం. బడి వయసు వచ్చిన ప్రత్యేక అవసరాల పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో బుద్ధి వికాసానికి సంబంధించిన పరీక్షలు, శిక్షణ ఉంటాయి. ఇవి దత్తత పిల్లల కోసం పెట్టినవి కావు, అందరికీ. అదీ ఒకందుకు మంచిదే, అక్కడ ఎవరూ దత్తత గురించి కూపీ లాగరు.

రెండో సందర్భం బంధువుల్లోనే జరిగే దత్తతలు. అన్న కొడుకుని తమ్ముడు, అక్క కూతుర్ని చెల్లెలు పెంచుకోవడం మనకు మామూలే. దత్తహోమం చేసి 1956 హిందూ దత్తత చట్టం కింద డీడ్ రిజిస్టర్ చేయించుకుంటే ఏ సోషల్ వర్కరూ మీ గడప తొక్కరు. మొదటి రెండేళ్ల సాయం అన్నది అసలు లేనే లేదు. కానీ అవసరం వీళ్లకే ఎక్కువ అంటాను. అమ్మమ్మ నుంచి పాలబ్బాయి దాకా అందరికీ తెలిసి, ఒక్క పిల్లకు మాత్రమే తెలియని రహస్యం ఆ ఇళ్లలోనే ఉంటుంది. "పెద్దమ్మ" అని పిలుస్తున్న మనిషి పండక్కొచ్చినప్పుడల్లా తనను చూసి ఎందుకు కళ్లు తుడుచుకుంటుందో ఆ పిల్లకు అర్థం కాదు. ఇలాంటి చోట గ్రూపు సలహా చాలదు. రెండు వైపుల పెద్దలనూ కూర్చోబెట్టి, ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి అన్నది తేల్చడానికి బయటి మనిషి, అంటే కుటుంబ కౌన్సెలర్ కావాలి. పెళ్లిలో ఎవరో నోరు జారేకన్నా అది నయం.

ఇక సైకాలజిస్ట్. హైదరాబాద్ లాంటి చోట ఒక్క సెషన్‌కి వెయ్యి దాటడం మామూలే, ఒక్కసారితో తేలేది కాదు. బోర్డు మీద "కౌన్సెలర్" అని ఎవరైనా రాసుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడగడం అమర్యాద కాదు. రిజిస్ట్రేషన్ ఉన్నా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: "దత్తత పిల్లలతో ఇంతకుముందు పనిచేశారా?" లెక్కల్లో మార్కులు తగ్గినా దత్తతే కారణమనేవాళ్లూ ఉన్నారు, పిల్ల నెలల తరబడి మూగబోయినా "టీనేజ్ కదా" అని పంపేసేవాళ్లూ ఉన్నారు. రెండు రకాలకూ దూరం జరగండి.

ఇంత ఖర్చున్నా టీనేజ్‌లో నేను సైకాలజిస్ట్‌నే ముందు పెట్టడానికి కారణం, తల్లిదండ్రుల బృందం ఎంత మంచిదైనా అది తల్లిదండ్రులదే కావడం. పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం వస్తుంది. క్లాసులో ఎవరి కళ్లు ఎవరి పోలికో చెప్పుకుంటారు. ఆ సాయంత్రం పిల్లకు వచ్చిన ఆలోచన అమ్మకు చెప్తే అమ్మ బాధపడుతుందేమోనన్న భయం ఉంటుంది. అమ్మ స్నేహితురాలికి చెప్తే అమ్మకు చేరుతుంది. తన మాట బయటికి పోని గది ఒకటి కావాలి. కాబట్టి అక్కడ మీరు కూర్చోవద్దు, ఇంటికొచ్చాక "ఏమడిగారు? ఏం చెప్పావు?" అని తవ్వొద్దు. అర్ధరాత్రి మరీ ఇబ్బందిగా ఉంటే టెలీ మానస్ 14416 ఉంది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అది ఆ పూటకు ఆసరా మాత్రమే, సైకాలజిస్ట్‌కు బదులు కాదు. బడిలో కౌన్సెలర్ ఉంటే సంతోషమే, కానీ స్టాఫ్‌రూమ్‌లో మాట ఆగుతుందన్న నమ్మకం కుదిరాకే చెప్పండి.

పెద్దయ్యాక వచ్చే పని ఇంకొకటి ఉంది: కన్నవాళ్లను వెతకడం. ఇక్కడ రెండే దారులు. కారా ద్వారా వెళ్లడం, లేదా ఫేస్‌బుక్‌లోనో ఎవరో మధ్యవర్తి ద్వారానో సొంతంగా వెతకడం. దీంట్లో నాకు ఊగిసలాట లేదు, కారా దారే మేలు. పద్దెనిమిదేళ్లు నిండితే సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. నిండకపోతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి చెయ్యాలి. మూడో మనిషి వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు. బిడ్డను అప్పగించిన రోజు తన పేరు బయటపెట్టొద్దని కన్నతల్లి కోరివుంటే ముందు ఆవిడ అనుమతి తీసుకోవాలి. ఆవిడ కాదన్నా, దొరక్కపోయినా, ఏ పరిస్థితిలో అప్పగించారో ఆ కారణాలైనా చెప్తారు. మధ్యవర్తి అయితే నేరుగా ఆవిడ గుమ్మం ముందు నిలబడతాడు. ఇప్పుడు ఇంకో పెళ్లై, ఇంకో ఇంట్లో ఉన్న ఆడమనిషికి అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

కారా దారి నిదానం, చాలాసార్లు చివరికి దొరికేదీ కొంచెమే. అప్పగించకుండా వదిలేసి వెళ్లిన బిడ్డ అయితే కాగితంలో దొరికిన చోటు, తేదీ, పోలీస్ స్టేషన్ పేరు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. పాత దత్తతలైతే ఇంకో చిక్కు. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్‌లో పసిపిల్లల అమ్మకాలు బయటపడ్డాయి. తండాల్లోని పేద తల్లుల దగ్గర ఆడపిల్లల్ని కొని విదేశీ దత్తతకు పంపారని హోమ్‌ల మీద ఆరోపణలొచ్చాయి. ఆ రోజుల్లో అమెరికాకో యూరప్‌కో వెళ్లిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై వచ్చి వెతుక్కుంటే, చేతిలో ఉన్న కాగితంలో తల్లి పేరు నిజమైనదేనన్న భరోసా లేదు.

అందుకే దరఖాస్తు పెట్టకముందే పిల్లలు కొన్నిసార్లు సైకాలజిస్ట్‌తో కూర్చోవడం మంచిది: ఏమీ దొరక్కపోతే ఎలా, ఆవిడ కలవనంటే ఎలా, కలిసి డబ్బడిగితే ఎలా అన్నవి ముందే మాట్లాడుకోవడానికి. శిశుగృహ ఇచ్చిన ప్రతి కాగితం కాపీ తీసి పిల్లల పేరుతో ఒక ఫైల్‌లో పెట్టి, అదెక్కడుందో వాళ్లకు చూపించండి. ఆ ఊరు వెళ్తానంటే టికెట్ మీరే తీయండి, తోడు రమ్మంటేనే వెళ్లండి.