ఇళ్ల మార్పిడితో సెలవులు: నగరంలో తక్కువ, కొండల్లో ఎక్కువ

ఇళ్లు మార్చుకుని సెలవులు గడపడం మా ఇంట్లో కొన్నేళ్లుగా అలవాటైపోయింది. మా విశాఖపట్నం ఫ్లాట్‌లో వేరే దేశాల కుటుంబాలు ఉండి వెళ్లాయి, వాళ్ల ఇళ్లలో మేము ఉండి వచ్చాం. డబ్బు ఎంత మిగిలిందని అందరూ మొదట అడుగుతారు. మిగిలిన మాట నిజమే. కానీ ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ఈ పద్ధతి అసలు విలువ నగరంలో అంతగా తెలియదు, కొండలూ అడవులూ ఉన్న మారుమూల చోట తెలుస్తుంది. నగరంలో హోటల్‌ గదితోనైనా రోజులు గడిచిపోతాయి. వాన ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు తెరిపి ఇస్తుందో తెలియని కొండ ప్రాంతంలో మాత్రం వంటిల్లూ, తడిసిన బట్టలు ఆరేసుకునే చోటూ ఉన్న ఇల్లు దొరకాలి. స్కాట్లాండ్ వెళ్లినప్పుడు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది కాబట్టి ఆ ప్రయాణం గురించే ఎక్కువగా రాస్తాను.

పద్ధతి తెలియనివారికి ముందు రెండు మాటలు. 1950లలో ఐరోపాలో కొందరు ఉపాధ్యాయులు వేసవి సెలవులకు ఒకరి ఇంట్లో ఒకరు ఉండే ఏర్పాటు చేసుకున్నారు. ఇంటర్‌వాక్ అనే సంస్థ అలా పుట్టింది. 1992లో హోమ్‌ఎక్స్ఛేంజ్ మొదలైంది. ఇలాంటి సంస్థలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఏడాదికొకసారి సభ్యత్వ రుసుము కట్టి, ఇంటి ఫొటోలూ వివరాలూ పెట్టుకోవాలి. మార్పిడి రెండు రకాలుగా జరుగుతుంది. మీరు మా ఇంటికి, మేము మీ ఇంటికి అనుకుని నేరుగా మార్చుకోవడం ఒకటి. ఇద్దరూ ఒకే తేదీల్లో వెళ్లాలని లేదు. రెండోది పాయింట్ల పద్ధతి. మన ఇంట్లో ఎవరైనా ఉంటే మనకు పాయింట్లు వస్తాయి, వాటితో మనం మూడో కుటుంబం ఇంట్లో ఉండవచ్చు. మన దేశం నుంచి వెళ్లేవారికి పాయింట్లే ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం. ఏదో సముద్రపు ఒడ్డు పల్లెలో ఇల్లు మనకు నచ్చినంత మాత్రాన ఆ ఇంటివారికి విశాఖ చూడాలని ఉండాలి కదా! స్కాట్లాండ్ ప్రయాణానికి మేము అక్కడి గ్లాస్గో నగరంలోని కుటుంబంతో నేరుగా మార్చుకున్నాం. ఆ దేశపు పడమటి తీరాన ఉన్న ఆరిసైగ్ అనే పల్లె దగ్గరి ఇంటికి పాయింట్లు ఇచ్చాం.

స్కాట్లాండ్ అనగానే అందరూ ఎడిన్‌బరో పేరే చెబుతారు. కోట, రాయల్ మైల్ అనే పాత వీధి, ఊరి మధ్యలోనే 251 మీటర్ల ఎత్తున్న ఆర్థర్స్ సీట్ కొండ, అన్నీ చూడవలసినవే. అయితే గ్లాస్గో నుంచి రైల్లో గంటలోపే ఎడిన్‌బరో చేరి, చూసి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. మేము గ్లాస్గోను ఎంచుకోవడానికి అసలు కారణం క్వీన్ స్ట్రీట్ స్టేషన్. పడమటి కొండల్లోకి వెళ్లే వెస్ట్ హైలాండ్ రైళ్లు బయలుదేరేది అక్కడి నుంచే. నగరం, అడవి రెండూ కలిపి ప్రయాణం వేసుకునేవారికి నేనిచ్చే మొదటి సలహా కూడా ఇదే. ముందు రైలు మార్గాన్ని ఎంచుకోండి, ఆ మార్గానికి ఈ కొసనొకటి, ఆ కొసనొకటి ఇళ్లు వెతకండి. నచ్చిన ఇళ్లను ముందు ఖాయం చేసుకుని, తర్వాత వాటి మధ్య దారి వెతుక్కునేవాళ్ల సెలవులు సగం రోడ్ల మీదే కరిగిపోతాయి.

ఆ రైలు ప్రయాణం గురించి చెప్పకుండా ఉండలేను. లోమండ్ సరస్సు అంచునే సాగి, రానక్ మూర్ అనే విశాలమైన బురదనేల మీదికి ఎక్కుతుంది. గట్టి నేల దొరకని ఆ చోట చెట్ల కొమ్మలూ మట్టీ పరచి, వాటి మీద పట్టాలు తేలేటట్టు వేశారు. ఫోర్ట్ విలియం వరకు 1894లో, అక్కడి నుంచి మాలెయిగ్ రేవు వరకు 1901లో మార్గం తెరిచారు. దారిలో కోరవర్ అనే స్టేషన్ 408 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి ప్రజలు వాడే రోడ్డే లేదు, రైలు దిగాలి లేదా నడవాలి. మా అరకు రైలు కిటికీలోంచి అనంతగిరి లోయలు చూస్తూ పెరిగినవాణ్ని నేను. చెట్టే లేని కొండలు కూడా ఇంత అందంగా ఉంటాయని ఊహించలేదు. ఫోర్ట్ విలియం దాటాక 21 కమానుల గ్లెన్‌ఫినన్ వంతెన వస్తుంది. ఆపైన సముద్రం కనిపిస్తుంది.

ఆరిసైగ్ దగ్గరి ఇల్లు చిన్నది. ఎదురుగా తెల్లని ఇసుక తీరం, దూరంగా ఎగ్, రమ్ దీవులు. ఒక చిన్న దుకాణం తప్ప పెద్ద సరుకులకు ఫోర్ట్ విలియం వెళ్లవలసిందే. చేరిన మొదటి రోజుల్లో వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. హోటల్‌లో ఉండి ఉంటే, రాత్రికింత చొప్పున కట్టాం కదా అని ఆ వానలోనే ఎక్కడికో బయలుదేరేవాళ్లం. ఇక్కడ ఆ తొందర లేదు. వంటగది కప్పు నుంచి తాడుతో కిందికి దించే బట్టల దండెం ఉంది. తడిసినవన్నీ దాని మీద వేసి, పప్పుచారు కాచుకుని, ఆ ఇంటివారి పటాలు ముందు వేసుకుని కూర్చున్నాం. తెరిపి ఇచ్చిన పూట బయలుదేరాం. మేము వెళ్లింది మే నెలలో. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగుంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి వాన ఆగినా రోజంతా మన చేతిలో ఉన్నట్టే. మాలెయిగ్ నుంచి పడవలో స్కై దీవికి వెళ్లింది అలా తెరిపి ఇచ్చిన రోజునే. రోజుల లెక్క చూసుకోకుండా వాతావరణం కోసం ఆగగలగడం, ఇళ్ల మార్పిడిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది దానికే.

మే నెల ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. అక్కడ మిడ్జ్ అనే కంటికి ఆనని కుట్టే పురుగులుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి లేని సాయంత్రాల్లో అవి మనిషిని బయట నిలబడనివ్వవు. సెలవులు జూలైలోనే దొరికేవారు గాలి బాగా వీచే సముద్రపు ఒడ్డు ఇల్లు చూసుకోవాలి. గడ్డిలో నడిచి వచ్చాక కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోవడం ఏ నెలలోనైనా తప్పదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో చాలా మటుకు భూముల మీద, అవి ఎవరివైనా సరే, బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. ఇది తెలిశాక మా నడకలకు హద్దు లేకుండా పోయింది.

పల్లె ఇళ్లకు వాటి పద్ధతులుంటాయి. ఆ ఇంట్లో నీళ్లు కొండవాగు నుంచి వస్తాయి, పీట్ అనే, కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్లని నేల మీదుగా రావడంతో లేత టీ రంగులో ఉంటాయి. వడపోత ఉందని, భయపడవద్దని ఇంటి పుస్తకంలో, అంటే అతిథుల కోసం ఇంటి సంగతులు రాసి ఉంచే పుస్తకంలో రాసి పెట్టారు. మురుగునీరు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది కాబట్టి వేపుడు నూనె తొట్టిలో పోయకూడదు. ఇక పోపు సంగతి. స్కాట్లాండ్‌లో 2022 నుంచి ప్రతి ఇంట్లో పొగను, వేడిని పసిగట్టే అలారాలు ఉండాలి. అవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. ఎండుమిరపకాయలు వేయించే ముందు వంటగది తలుపు మూసి, కిటికీ తెరవాలి. కందిపప్పు, చింతపండు, సోనామసూరి బియ్యం గ్లాస్గోలోనే కొని రైలెక్కించాం. పాలక్‌షీల్డ్స్ ప్రాంతంలో దక్షిణాసియావారి దుకాణాలు ఉన్నాయి. నగరంలో ఇల్లు ముందు, పల్లెలో ఇల్లు తర్వాత అన్న వరుస దీనికి కూడా మంచిదే. సామాన్లు కొనుక్కుని, నిద్ర వేళలు సర్దుకుని, అప్పుడు కొండల్లోకి వెళ్లవచ్చు.

గ్లాస్గో గురించి తక్కువ చెప్పానంటే ఆ ఊరు నచ్చలేదని కాదు. 1901లో తెరిచిన కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం చూడటానికి రుసుము లేదు, ఒక పూట చాలదు. 1896 నాటి భూగర్భ రైలు పదిహేను స్టేషన్లతో గుండ్రంగా తిరుగుతుంది, దారి తప్పుతామన్న భయం లేదు. సాయంత్రం పాటల కచేరీ లేని వీధి దొరకడం కష్టం. అయినా నాలుగు రోజులతో మాకు తృప్తి కలిగింది.

ఇవతలి పక్క గురించి కూడా రాయాలి, ఎందుకంటే మన ఇల్లు ఎవరికి ఎందుకు నచ్చుతుందో తెలియనిదే మార్పిడి కుదరదు. విశాఖ కూడా నగరమూ అడవీ కలిసిన ఊరే. పక్కనే కంబాలకొండ అభయారణ్యం, రైల్లో వెళితే బొర్రా గుహలు, అరకు. మా ఇంటి వివరాల్లో సోఫాల ఫొటోలు తీసేసి, అరకు అద్దాల బోగీ గురించి నాలుగు వాక్యాలు రాశాక ఉత్తరాలు బాగా పెరిగాయి. సంక్రాంతికి మేము ఎలాగూ విజయనగరంలో అమ్మావాళ్ల దగ్గరకు వెళతాం, ఇల్లు ఖాళీగా ఉంటుంది. అటువైపు వాళ్లకు అది గడ్డకట్టే చలికాలం, ఇక్కడ హాయిగా తిరిగే కాలం. గ్లాస్గో కుటుంబం అలాగే జనవరిలో వచ్చింది. కింది ఫ్లాట్ పిన్నిగారు వాళ్లకు అరిసెలు పంపి, "వాళ్లు మళ్లీ వచ్చేటప్పుడు ముందే చెప్పు బాబూ, బొబ్బట్లు చేస్తాను" అన్నారు. తాళాలు ఆవిడ దగ్గరే ఉంచుతాం. అలాంటి ఒక మనిషి పక్కన లేకపోతే నేను ఈ పనికి పూనుకునేవాణ్ని కాదు.

విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోగా వాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలియజేయాలి. ఫారం-సి అన్న పేరుతో చాలామందికి తెలిసింది ఇదే. డబ్బు తీసుకోకపోయినా, స్నేహితులే అయినా ఇది తప్పదు. అపార్ట్‌మెంట్ సంఘానికి ముందే ఉత్తరం ఇచ్చి, వాచ్‌మన్‌కు అతిథుల పేర్లు చెప్పి ఉంచితే గేటు దగ్గర ఇబ్బంది రాదు. ఇంటి పుస్తకం మాత్రం శ్రద్ధగా రాయండి. గీజరు స్విచ్చి ఎక్కడ, గ్యాసు సిలిండరు ఎలా మార్చాలి, నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలి, తాగే నీళ్లు ఏ కుళాయివి, ఆటోకు ఎంత ఇవ్వాలి, దేవుడి గదిలోకి చెప్పులతో వెళ్లకూడదన్న సంగతి, అన్నీ అందులో ఉండాలి. విలువైనవి ఒక బీరువాలో పెట్టి తాళం వేయడాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు, వాళ్లూ అదే చేస్తారు. కారు మార్పిడి విషయంలో అక్కడ మనకు కొంత వెసులుబాటు ఉంది. బ్రిటన్‌లో మన లైసెన్సుతో ఏడాది వరకు నడపవచ్చు, ఎడమవైపు ప్రయాణమే. కాకపోతే ఆ కారు బీమాలో మన పేరు చేర్పించాలి, లేకపోతే తాళం చెవి ముట్టుకోవద్దు.

ఇక లోపం. ఒకసారి వేరే దేశంలో నగరపు ఇంటివాళ్లు ప్రయాణానికి నెల ముందు ఇల్లు ఇవ్వలేమన్నారు. వాళ్ల ఇంట్లో జబ్బు, కాదనలేం. పాయింట్లు తిరిగి వచ్చాయి. విమానం టికెట్ల డబ్బు రాదు కదా! సంస్థ వేరే ఇళ్ల జాబితా పంపింది, అందులో ఒక్కటీ మా తేదీలకు కుదరలేదు. చివరికి నగరంలో హోటల్ తీసుకున్నాం, ఖర్చు బాగానే అయింది. ఆ ఏడాది పల్లె ఇల్లు రద్దయి ఉంటే మాత్రం ప్రయాణమే మానుకోవలసి వచ్చేది. అందుకే ఇప్పుడు పల్లె ఇల్లు ఖాయమయ్యాకే టికెట్లు కొంటున్నాం. వీసా దరఖాస్తుకు ఇంటివారి లేఖ, మార్పిడి ఒప్పందం రెండూ తేదీలతో సహా ముందే తెప్పించుకుంటున్నాం. ఇంట్లో ఎవరి వస్తువు ఎవరు ముట్టుకున్నా మనసు చివుక్కుమనే స్వభావం ఉన్నవారికి, పది రోజుల్లో ఐదు ఊళ్లు చూడాలనుకునేవారికి ఈ పద్ధతి పనికిరాదు.

ప్రస్తుతం నార్వే మీద దృష్టి పెట్టాం. ఆ దేశంలో నాలుగు లక్షలకు పైగా హిట్టెలు, అంటే కొండల్లోనో సముద్రపు ఒడ్డునో కట్టుకున్న సెలవుల ఇళ్లు ఉన్నాయి. కాబట్టి ఒకే కుటుంబం నగరంలో ఫ్లాటూ, కొండ మీద ఇల్లూ రెండూ ఇవ్వగలదు. ఓస్లో నుంచి బెర్గెన్‌కు 1909లో పూర్తయిన రైలు మార్గం 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సే మీదుగా పోతుంది, మాకు కావలసిన మార్గం అదే. బెర్గెన్ కుటుంబం ఒకటి సంక్రాంతి తేదీలు అడిగింది. పండుగ ఏ రోజుల్లో వస్తుందో, ఇల్లు ఎప్పటి నుంచి ఖాళీ అవుతుందో నిన్ననే రాసి పంపాను.