మేడ మీది గదికి నెట్: వైఫైతో ఏడాది, కరెంటు తీగతో నాలుగేళ్లు

మాది తెనాలిలో పాత ఇల్లు. కింది భాగం నాన్నగారు కట్టించారు, అన్నీ తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. పై అంతస్తు ఆ తర్వాత వేశాం. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాళ్లు వీధి వైపు హాల్లో, టీవీ పక్కన రౌటర్ డబ్బా బిగించి వెళ్లారు. నేను పని చేసుకునే గది మేడ మీద, పెరటి వైపు చివర్న ఉంది. రెండింటి మధ్య దూరం నలభై అడుగులు కూడా ఉండదు. కానీ ఆ నలభై అడుగుల్లో రెండు గోడలు, ఒక స్లాబు ఉన్నాయి. 2020లో ఇంటి నుంచి పని మొదలయ్యాక నా టెన్షన్ అంతా ఆ స్లాబు దగ్గరే.

ముందు అందరిలాగే వైఫైతోనే నెట్టుకొచ్చాను. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మెట్ల మలుపు దాకా బాగానే వస్తుంది, గదిలో అడుగు పెట్టగానే పోతుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు దాటి రావడం దాని వల్ల కాదు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్కన అపార్ట్‌మెంట్ వచ్చాక నా ఫోన్లో లెక్కపెడితే పంతొమ్మిది ఇళ్ల వైఫై పేర్లు కనిపించాయి. అందరం ఆ మూడింటి మీదే పడి ఉన్నాం. ఎక్స్‌టెండర్ కొని మెట్ల మలుపులో పెట్టాను. ఫోన్లో గీతలు నిండుగా వచ్చాయి, స్పీడు మాత్రం సగమైంది. అది వినడానికీ, మళ్లీ చెప్పడానికీ ఒకే రేడియో వాడుతుంది, సగం సమయం వినడానికే పోతుంది.

నన్ను బాధపెట్టింది స్పీడు కూడా కాదు, నిలకడ లేకపోవడం. లాప్‌టాప్ నుంచి కింద ఉన్న రౌటర్‌కి పింగ్ కొట్టి చూసేవాణ్ని, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో కొలవడం. నాలుగు మిల్లీసెకన్లు, ఐదు, నాలుగు, ఉన్నట్టుండి రెండు వందల ఎనభై, మళ్లీ ఐదు. వీడియో కాల్లో మాట తెగేది సరిగ్గా ఆ రెండు వందల ఎనభై దగ్గర. అవతలివాళ్లు పాపం "మళ్లీ ఒకసారి చెప్తారా" అని అడుగుతూనే ఉండేవాళ్లు.

2021లో పవర్‌లైన్ అడాప్టర్ల జత కొన్నాను, 3,500 రూపాయలు. ఒకటి రౌటర్ దగ్గర ప్లగ్గులో పెట్టి లాన్ తీగతో (నెట్ కేబుల్) కలపాలి, రెండోది పై గదిలో ప్లగ్గులో పెట్టి లాప్‌టాప్‌కి కలపాలి. మధ్యలో దారి ఇంటి కరెంటు తీగే. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే, ఈ డబ్బాలు పంపే సిగ్నల్ సెకనుకు 20 లక్షల సార్లకు పైనే ఊగుతుంది. అందుకే రెండూ ఒకే తీగలో వెళ్లినా ఒకదానిలో ఒకటి కలిసిపోవు.

మొదటి రోజు అసలు పనిచేయలేదు. రెండింటినీ హాల్లో పక్కపక్కన పెడితే పచ్చ లైటు వస్తుంది, ఒకదాన్ని పైకి తీసుకెళ్తే లైటు ఆరిపోతుంది. సరుకే పాడైందనుకుని తిరిగి పంపేద్దామని అట్టపెట్టె కూడా వెతికాను. మరుసటి రోజు ఫ్యాను రెగ్యులేటర్ మార్చడానికి వచ్చిన మా ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. ఆయన డీబీ (ఇంటి తీగలన్నీ కలిసే స్విచ్చుల పెట్టె) మూత తీసి చూసి, "మీది త్రీఫేజు సార్. హాలు ప్లగ్గులు ఒక ఫేజు మీద, పైన ఇంకో ఫేజు మీద ఉన్నాయి. ఇది అటు నుంచి ఇటు ఎలా వెళ్తుంది?" అన్నారు. అంటే మా ఇంటికి కరెంటు మూడు వేర్వేరు తీగల మీద వస్తుంది. ఏసీ, గీజరు, మోటారు అని మా దగ్గర చాలా ఇళ్లు త్రీఫేజు మీటరు తీసుకున్నవే. ఈ మాట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయాల్సింది.

పైన ఫేజు మారుద్దామా అని అడిగాను. లోడ్ ఒకవైపే పడుతుంది, వద్దన్నారు. కాసేపు ఆలోచించి, "ఇన్వర్టర్ లైను ఇల్లంతా ఒకటే కదా సార్, దాని మీద పెట్టి చూడండి" అన్నారు. ఈ నాలుగేళ్లలో నాకు దొరికిన అన్ని సలహాల్లో ఇదే విలువైనది. ఇన్వర్టర్‌కి వెళ్లేది ఒక్క ఫేజే. దాని నుంచి బయల్దేరిన తీగే ప్రతి గదిలో లైట్లకీ, ఫ్యాన్లకీ వెళ్తుంది. హాల్లో రౌటర్ ఎలాగూ ఆ లైను మీదే ఉంది. పై గదిలో స్విచ్ బోర్డు మీది చిన్న ప్లగ్గుని ఆయనే ఇన్వర్టర్ లైనుకి మార్చారు. పది నిమిషాల పని. రెండు డబ్బాలూ ఒక్కసారిగా పచ్చగా వెలిగాయి. ఫేజు గొడవ తీరింది, కరెంటు పోయినా నెట్ ఉండే వీలు కూడా దానితోనే వచ్చింది. డీబీ జోలికి మాత్రం మీరు సొంతంగా వెళ్లకండి. మనిషిని పిలిపించుకోండి.

ఇక అంకెలు. డబ్బా మీద 600 అని ఉంటుంది. లాన్ తీగ గుచ్చే పోర్టు 100 ఎంబీపీఎస్‌ది కాబట్టి ఆ పైన రావడం ఎలాగూ సాధ్యం కాదు. ఆ 600 కూడా పోను రాను కలిపి, తీగ మీద లెక్క. నా గదిలో వచ్చేది 55 నుంచి 65. మాది 100 ప్లాను కాబట్టి అది నాకు నచ్చింది. అంతకన్నా నచ్చింది పింగ్. ఐదు, ఆరు, ఐదు, ఐదు, గంటసేపు చూసినా అంతే. ఉదయం అమ్మ పచ్చడికి మిక్సీ వేస్తే ఆ నిమిషం ముప్పైకి, నలభైకి వెళ్తుంది గానీ కాల్ తెగదు.

ఒక్క విషయం మాత్రం మూడు వారాలు తల తినేసింది. రోజూ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో స్పీడు 60 నుంచి 12కి పడిపోయేది. తొమ్మిదికి మళ్లీ మామూలే. వీధిలో అందరూ నెట్ వాడే సమయం కదా, కనెక్షన్‌దే తప్పనుకున్నాను. కానీ కింద హాల్లో చూస్తే పూర్తి స్పీడు వస్తోంది. ఒక సాయంత్రం పైన లాప్‌టాప్ మీద పింగ్ నడుస్తుండగా, ఆ అంకెలు చూస్తూ ఉండమని మా ఆవిడకి చెప్పి, కిందకి వెళ్లి ఒక్కో స్విచ్ ఆపుతూ వచ్చాను. హాలు ట్యూబులైటు, వంటింటి లైటు, చార్జర్లు. "ఏంట్రా, మళ్లీ కరెంటు పోయిందా?" అని అమ్మ వంటింట్లోంచి అడుగుతోంది. దేవుడి గదిలో పటాల చుట్టూ వేసిన సీరియల్ సెట్ ఆపగానే, "పింగ్ ఎగరడం ఆగిపోయింది, ఇప్పుడు ఐదే వస్తోంది" అని పైనుంచి కేక. అమ్మ దీపం పెట్టే వేళకి వేసి, పడుకునే ముందు ఆపుతుంది. లైట్లు మినుకుమినుకుమనేలా చేసే ఆ చిన్న పెట్టె తీగలోకి అంత రొద వదులుతోంది. అమ్మ లైట్లు తీసేయడం నాకిష్టం లేదు. మెరవకుండా నిలకడగా వెలిగే ఇంకో సెట్ తెచ్చి పెట్టాను. అంతే, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. మీ ఇంట్లో కూడా ఫలానా వేళకే స్పీడు పడిపోతుంటే, ముందు ఆ వేళకి ఏం వేస్తున్నారో చూడండి. చవక చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు కూడా ఇదే పని చేస్తాయి.

కరెంటు పోయినప్పుడు సంగతి. మా పాత ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, అంటే కరెంటుని నున్నటి అలలా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే రకం. అది అందుకోగానే స్పీడు 20కి వచ్చేది. 2023లో మామూలు కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే సైన్ వేవ్‌ది తీసుకున్నాక 40 దాకా ఉంటోంది. మారే ఆ క్షణంలో డబ్బాలు ఒక్కోసారి ఆరి వెలుగుతాయి, మళ్లీ కలుసుకోవడానికి పావు నిమిషం పడుతుంది.

ఈ పవర్‌లైన్ డబ్బాలని స్పైక్ బస్టర్‌లో (కరెంటు ఎగుడుదిగుళ్ల నుంచి కాపాడే ప్లగ్గుల పట్టీ) పెట్టకూడదు. అందులోని ఫిల్టర్ కరెంటు రొదతో పాటు మన సిగ్నల్‌ని కూడా మింగేస్తుంది. నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. అలా రక్షణ లేకుండా పెట్టిన ఫలితం 2022 మే నెలలో చూశాను. గాలివానకి పిడుగులు పడిన రాత్రి కింది డబ్బా పోయింది. విడిగా ఒక్కటి అమ్మేవాళ్లు దొరక్క మళ్లీ జతే కొన్నాను. అప్పట్నుంచి ఉరుములు మొదలైతే రెండూ పీకేస్తాను. ఇంకొకటి: కొనగానే పెయిర్ బటన్ నొక్కి మీ జతకి సొంత తాళం పెట్టుకోండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది, సిగ్నల్ మీటరు దగ్గర కచ్చితంగా ఆగిపోతుందనే హామీ లేదు. కరెంటు ఖర్చు పెద్దగా లేదు. ఒక్కోటి 3 వాట్ల లెక్కన రెండింటికీ కలిపి నెలకి నాలుగు యూనిట్లు దాటి కొంచెం.

అయితే ఫోన్లకి, టాబ్‌లకి తీగ పెట్టలేం కదా. పిల్లలు పై గదుల్లో చదువుకోవడం మొదలయ్యాక మెష్ వైఫై జత తెచ్చాం, అంటే రెండు చోట్ల పెట్టినా ఒకే వైఫైలా పనిచేసే డబ్బాలు. మొదట రెండింటినీ గాలిలోనే కలిపితే మళ్లీ అదే స్లాబు, అదే కథ. తర్వాత పవర్‌లైన్ తీగని లాప్‌టాప్ నుంచి తీసి, పైన పెట్టిన మెష్ డబ్బా వెనక గుచ్చాను. స్లాబు దాటించే పని కరెంటు తీగది, గదుల్లో పంచే పని వైఫైది. రెండేళ్లుగా ఇదే ఏర్పాటు. పై అంతస్తులో ఎక్కడ కూర్చున్నా 50కి తగ్గడం లేదు.

మీది ఒకే అంతస్తు అపార్ట్‌మెంట్ ఫ్లాటైతే పవర్‌లైన్ జోలికి వెళ్లక్కర్లేదు. రౌటర్‌ని టీవీ వెనక మూల నుంచి తీసి ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టండి, చాలావరకు సరిపోతుంది. పై పోర్షన్‌కి మీటరు వేరుగా ఉంటే కూడా నేను కొనమని చెప్పను. 300 ప్లాను తీసుకుని పైన 300 రావాలంటే నా దగ్గరున్న రకం చాలదు. ఇంకా వేగమైన 1200 రకాలు ఎర్త్ తీగని కూడా వాడుకుంటాయి, పాత ఇళ్లలో ఆ ఎర్త్ సరిగా ఉందో లేదో ముందు చూపించుకోవాలి. లాన్ తీగ లాగే దారుంటే మాత్రం వేరే ఆలోచనే వద్దు. వంద మీటర్ల వరకు కేబుల్‌ని మించింది లేదు. మా గోడల్లోని పైపులు కరెంటు తీగలతో నిండిపోయి ఉన్నాయి, బయట నుంచి వేద్దామంటే కోతుల బెడద.

పోయిన నెల చెల్లెలు వాళ్లు మంగళగిరిలో ఇల్లు మొదలుపెట్టారు. స్లాబు వేసే ముందు రోజు వెళ్లి, కరెంటు పైపులకి దూరంగా ఒక ఖాళీ పైపు హాలు నుంచి మేడ మీది గది దాకా వేయించి వచ్చాను. బావగారు ఎందుకని అడిగితే, ఫోన్ తీసి నా పాత పింగ్ లెక్కలు చూపించాను.