ఫాస్టర్-విస్పర్, వోస్క్: సొంత సర్వర్‌లో చాలాకాలం నడిపాక నా సమీక్ష

రికార్డింగులు బయటి సేవ దేనికీ పంపకుండా, మన సర్వర్‌లోనే మాటను టెక్స్ట్‌గా మార్చుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు: మార్చుకోవచ్చు, రోజువారీ పనికి సరిపోయేంత బాగా. అయితే ఏ మోడల్ గొప్పదన్న చర్చ మీద ఉన్నంత శ్రద్ధ, ఆ మోడల్ దాకా చేరే ఆడియో ఎలా ఉందన్న దాని మీద ఎవరికీ ఉండదు. "సర్వర్ తప్పులు రాస్తోంది" అని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మోడల్‌తో సంబంధమే లేదు. శాంపిల్ రేటో (ఆడియోను సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క), నిశ్శబ్దమో, వాడేవాళ్లకూ సర్వర్‌కూ మధ్యలో ఉండే ప్రాక్సీ ప్రోగ్రామో కారణమని తేలింది.

నేను రెండు సాఫ్ట్‌వేర్లు నడుపుతున్నాను. మాట్లాడుతుండగానే అక్షరాలు తెర మీద కనిపించాల్సిన చోట వోస్క్ సర్వర్. ముందే రికార్డు చేసిన ఫైళ్లకు ఫాస్టర్-విస్పర్. వోస్క్‌కు పునాది కాల్డి అనే మాట గుర్తింపు సాఫ్ట్‌వేర్. అందులోని చిన్న మోడళ్లు 50 ఎంబీకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, తెలుగుకూ ఒక చిన్న మోడల్ ఉంది. ఇక విస్పర్ అనేది మాటను రాతగా మార్చే మోడల్, దాన్ని ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసింది. 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు. అదే మోడల్‌ను సీట్రాన్స్‌లేట్2 అనే ఇంజిన్ మీద ఇంకా వేగంగా నడిపేది ఫాస్టర్-విస్పర్. విస్పర్ ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా చూస్తుంది కాబట్టి అప్పటికప్పుడు రాసే పనికి దాని నిర్మాణమే అనుకూలం కాదు. కొందరు రకరకాల అదనపు ప్రోగ్రాములు జోడించి లైవ్‌కీ వాడుతున్నారు, నాకు మాత్రం వాక్యం పూర్తికాకముందే వోస్క్ ఇచ్చే పాక్షిక ఫలితాలే నచ్చాయి.

వోస్క్ ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం) ఇమేజ్ దించుకుని, 2700 పోర్ట్ తెరిచి, మోడల్ ఫోల్డర్ చూపిస్తే లేస్తుంది. పెద్ద మోడల్ ఎంచుకుంటే మాత్రం మెమరీ చూసుకోవాలి. కంటైనర్ ఏ సందేశమూ లేకుండా ఆగిపోయి, ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది మెమరీనే: అది చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ కంటైనర్‌ను ఆపేసి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఈ సర్వర్‌కు సొంతంగా లాగిన్ అంటూ ఏమీ ఉండదు. పైగా డాకర్ తెరిచిన పోర్టులకు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నియమాలు అడ్డుపడవు. పోర్ట్‌ను 127.0.0.1 కే, అంటే ఆ మెషీన్‌కే, కట్టి, బయటివాళ్లకు ప్రాక్సీ ద్వారా, పాస్‌వర్డ్‌తో మాత్రమే ఇవ్వండి. మనుషుల గొంతులు మన చేతిలో ఉన్నప్పుడు ఈ విషయంలో అలసత్వం పనికిరాదు.

ఫాస్టర్-విస్పర్ ప్రాసెసర్ మీదైతే పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్ అనే ఒక్క కమాండుతో అయిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గరే అసలు పని. కొత్త సీట్రాన్స్‌లేట్2, అంటే 4.5 నుంచి, ఎన్‌విడియా కార్డు లైబ్రరీలైన కుడా 12తో పాటు సీయూడీఎన్‌ఎన్ 9 అడుగుతుంది. మెషీన్‌లో సీయూడీఎన్‌ఎన్ 8 ఉంటే లైబ్రరీ లోడ్ కాలేదన్న సందేశంతో ప్రోగ్రామ్ కూలిపోతుంది. పాతది కదిలించలేని పరిస్థితి అయితే 4.4.0 దగ్గరే ఆగడం సరైన దారి. ఇలాంటప్పుడు నేను పాటించే వరుస ఇది: మొదట మెషీన్ మీద ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (కార్డు స్థితి చూపే కమాండ్) పలుకుతోందా, తర్వాత అదే కమాండ్ కంటైనర్ లోపల పలుకుతోందా, ఆ తర్వాత అతి చిన్న మోడల్ లోడ్ అవుతోందా, చివరగా పెద్ద మోడల్. కంటైనర్‌లో కార్డు కనిపించకపోతే, కార్డును కంటైనర్‌కు అందించే ఎన్‌విడియా కంటైనర్ టూల్‌కిట్ ఉందో లేదో ముందు చూడాలి, అప్పుడు పైథాన్ కోడ్ ఎంత తవ్వినా ప్రయోజనం ఉండదు. మోడల్ ఫైళ్లు దిగే క్యాష్ ఫోల్డర్‌ను కంటైనర్ బయట ఉంచడం మర్చిపోకండి, లేకపోతే కంటైనర్ కొత్తగా కట్టిన ప్రతిసారీ గిగాబైట్ల డౌన్‌లోడ్ మళ్లీ మొదలవుతుంది.

మెమరీ లెక్క కూడా చెబుతాను. ఓపెన్‌ఏఐ ఇచ్చిన పట్టికలో విస్పర్‌లోని పెద్దదైన లార్జ్ మోడల్‌కు సుమారు 10 జీబీ కార్డు మెమరీ కావాలి. ఫాస్టర్-విస్పర్‌లో ఇంట్8 (మోడల్ అంకెలను 8 బిట్లలో దాచే పద్ధతి) పెట్టుకుంటే అందులో సగం కూడా పట్టదు, రాసిన దాంట్లో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వెబ్ సర్వర్‌కు వర్కర్లు (పని పంచుకునే ప్రాసెస్‌లు) పెంచితే వేగం పెరుగుతుందనుకుంటారు చాలామంది. ఒక్కో వర్కర్ మోడల్‌ను విడిగా లోడ్ చేసుకుంటుంది. నాలుగు వర్కర్లంటే నాలుగు ప్రతులు. ఒక్క వర్కర్, దాని ముందు ఒక క్యూ: నా దగ్గర స్థిరంగా నడిచిన అమరిక ఇదే.

ఇక ఆడియో. వోస్క్‌కు పంపాల్సింది 16 బిట్ మోనో పీసీఎం (కుదించని ముడి ఆడియో), దాని శాంపిల్ రేటు ఎంతో మొదటి సందేశంలోనే చెప్పాలి. బ్రౌజర్ మైకు సాధారణంగా 48,000 దగ్గర ఇస్తుంది. దాన్ని అలాగే పంపి 16,000 అని చెబితే సర్వర్‌కు ఆ మాట మూడు రెట్లు సాగదీసినట్టు వినిపిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. పోర్ట్ బాగుంటుంది, కనెక్షన్ బాగుంటుంది, లాగ్ శుభ్రంగా ఉంటుంది, ఫలితం మాత్రం ఖాళీగానో అర్థంలేని పదాలతోనో వస్తుంది. అందుకే సర్వర్‌కు చేరిన ఆడియోను అక్కడికక్కడే ఒక వేవ్ ఫైలుగా దాచి చెవితో వినే ఏర్పాటు ఉండాలి. ఎన్ని లాగులు చదివినా తెలియనిది పది సెకన్లు వింటే తెలుస్తుంది. బ్రౌజర్‌లో మైకు అసలు తెరుచుకోకపోతే, పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉందో లేదో చూడండి. లోకల్‌హోస్ట్ తప్ప మామూలు హెచ్‌టీటీపీ పేజీలకు బ్రౌజర్ మైకు ఇవ్వదు.

ఫోన్ కాల్ రికార్డింగులు చాలావరకు 8,000 రేటువి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఆడియో సాధనంతో 16,000కు పెంచితే సర్వర్ తీసుకుంటుంది గానీ, పోయిన పై పౌనఃపున్యాలు తిరిగిరావు. స, శ, ష, ఫ లాంటి ధ్వనుల్లో తప్పులు ఎక్కువగా రావడానికి కారణం అదే. ఇద్దరి గొంతులూ చెరో ఛానల్‌లో ఉన్న స్టీరియో కాల్ దొరికితే దాన్ని మోనోగా కలిపేయకండి. రెండు ఛానళ్లనూ విడదీసి విడివిడిగా పంపితే ఎవరు ఏం మాట్లాడారో అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండానే తేలిపోతుంది.

విస్పర్‌తో నిశ్శబ్దం పెద్ద సమస్య. ఎవరూ మాట్లాడని చోట కూడా అది ఏదో ఒకటి రాస్తుంది: "చూసినందుకు ధన్యవాదాలు" లాంటి వాక్యాలు, లేదా ఒకే పదం వరసగా పదుల సార్లు. ఫాస్టర్-విస్పర్‌లోనే ఉన్న సిలెరో వీఏడీ (మాట ఉన్న చోట్లను గుర్తించే) ఫిల్టర్‌ను ఆన్ చేస్తే మాటలు లేని భాగాలు మోడల్ దాకా రావు. దీనితోపాటు, ముందు రాసిన టెక్స్ట్‌ను ఆధారంగా తీసుకునే సెట్టింగును ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ఒక ముక్కలో పుట్టిన పునరావృతం తర్వాతి ముక్కల్లోకీ పాకుతుంది. ఆపేస్తే పేర్ల వర్ణక్రమం ఒక్కో ముక్కలో ఒక్కోలా వచ్చే అవకాశం ఉంది, అయినా ఆ నష్టాన్ని నేను సంతోషంగా ఒప్పుకుంటాను. భాషను కూడా ముందే తెలుగు అని చెప్పేయండి. చెప్పకపోతే రికార్డింగు మొదటి 30 సెకన్లు విని అదే నిర్ణయించుకుంటుంది. మొదట్లో సంగీతం ఉంటే మొత్తం ఫైలు వేరే భాషలోకి వెళ్లిపోవచ్చు.

తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, ప్రతిదానికీ 3 బైట్లు. విస్పర్ టోకెన్లు (అది రాతను కూర్చే అక్షర ముక్కలు) బైట్ల మీద కట్టినవి, తెలుగుకు పెద్ద ముక్కలు అందులో తక్కువ. కాబట్టి ఇంగ్లీషులో ఒక్క టోకెన్‌తో అయిపోయే మాటకు తెలుగులో చాలా టోకెన్లు పడతాయి. మోడల్‌లో రాత పుట్టించే భాగమైన డీకోడర్ హద్దు 448 టోకెన్లు. అసలు విస్పర్ అమలులో ఒక 30 సెకన్ల ముక్కకు రాయగలిగేది అందులో సగం, 224. వేగంగా మాట్లాడే మనిషి 30 సెకన్లలో ఆ హద్దు దాటేస్తాడు. ఫలితంగా ముక్క చివర మాటలు మాయమవుతాయి, మళ్లీ తర్వాతి ముక్క మామూలుగా మొదలవుతుంది. ఇది చూసినవాళ్లు మైకునో మాట్లాడిన మనిషినో అనుమానిస్తారు. వీఏడీతో ముక్కల నిడివిని 15 సెకన్ల లోపుకు తగ్గించాక నా దగ్గర ఈ కోత దాదాపు పోయింది. తెలుగు రాత నెమ్మదిగా సాగడానికీ ఈ టోకెన్లే కారణం. 2024లో వచ్చిన టర్బో మోడల్‌లో డీకోడర్ పొరలను 32 నుంచి 4కు తగ్గించారు కాబట్టి, ఆ వేగం మనకు ఇంకా బాగా తెలుస్తుంది. అయినా తెలుగులో స్పష్టత కోసం నేను మళ్లీ లార్జ్‌కే వచ్చాను.

మూల విస్పర్‌కు శిక్షణలో దక్కిన తెలుగు చాలా తక్కువ. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ తయారుచేసిన ఇండిక్‌విస్పర్ లాంటి, భారతీయ భాషలకు మెరుగుపరచిన మోడళ్లతో తేడా మొదటి పేరాలోనే కనిపిస్తుంది. అయితే టోకెన్ల హద్దు వీటికీ వర్తిస్తుంది. ఇలాంటి మోడల్‌ను ఫాస్టర్-విస్పర్ కోసం మార్చుకునేటప్పుడు టోకెనైజర్ ఫైలును, ప్రీప్రాసెసర్ కాన్ఫిగ్ ఫైలును కూడా వెంట కాపీ చేయాలి. లార్జ్-వీ3 కుటుంబం 128 మెల్ పట్టీలు (ధ్వనిని విడదీసే పౌనఃపున్య పట్టీలు) ఆశిస్తుంది, మిగతావి 80. కాన్ఫిగ్ ఫైలు లేకపోతే సాఫ్ట్‌వేర్ 80 అనే అనుకుంటుంది, 128 రావాల్సిన చోట 80 వచ్చిందని ఎర్రర్ ఇస్తుంది. మోడల్ పాడైందేమోనని మళ్లీ దించుకోనక్కర్లేదు, ఆ చిన్న ఫైలు తెచ్చి పెడితే చాలు.

ప్రాక్సీగా ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టినవాళ్లకు మూడు మాటలు. అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 ఎంబీ. పెంచకపోతే ఫైలు మరీ పెద్దదన్న 413 ఎర్రర్ వస్తుంది. జవాబు కోసం అది ఆగేది 60 సెకన్లు. పెద్ద ఫైలుకు సమయం మించిందన్న 504 ఎర్రర్ వస్తుంది, వెనక సర్వర్ మాత్రం ఇంకా రాస్తూనే ఉంటుంది. వోస్క్‌కు వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) కోసం అప్‌గ్రేడ్ హెడర్లు విడిగా చేర్చాలి.

నాకు ఇంకా తృప్తి లేనిది ఇంగ్లీషు కలిసిన తెలుగు. అదే పదం ఒకచోట తెలుగు లిపిలో, ఇంకోచోట ఇంగ్లీషు లిపిలో వస్తుంది. తర్వాత ఒక పట్టికతో సరిచేసుకుంటున్నాను, దానికి అంతులేదు. నాణ్యత కొలిచేటప్పుడు కూడా పదాల తప్పుల శాతం ఒక్కటే చూస్తే మన భాషకు అన్యాయం జరుగుతుంది. "వచ్చాడని" అన్నదాన్ని "వచ్చాడు అని" అని రాస్తే చదివేవాడికి ఏ ఇబ్బందీ లేదు, ఆ కొలతలో మాత్రం అది రెండు తప్పులు. అక్షరాల తప్పుల శాతం కూడా పక్కన పెట్టుకుని చూడండి.

గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, చిన్న ఆదేశాలు, పరిమిత పదజాలం ఉన్న పనికి వోస్క్ హాయిగా సరిపోతుంది. గంటల కొద్దీ రికార్డింగులు ఉండి, 8 జీబీ కార్డు ఒకటి ఉంటే ఫాస్టర్-విస్పర్ తీసుకోండి. వెర్షన్లన్నీ బిగించి పెట్టుకోండి. నేను కొత్త వెర్షన్‌కు మారే ముందు, మంచి మైకుది, ఫోన్ కాల్‌ది, మధ్యలో పొడవైన నిశ్శబ్దం ఉన్నది, వేగంగా మాట్లాడినది, ఇలా సరైన రాత దగ్గరున్న కొన్ని రికార్డింగులను పాత, కొత్త ఇమేజ్‌లు రెండింటికీ ఇచ్చి పోల్చుకుంటాను. కొత్తది వాటిలో ఏ ఒక్కదానిలో వెనకబడినా పాత ఇమేజే కొనసాగుతుంది.