లైబ్రరీల్లో లెక్కల పండగకి ఇచ్చే చిన్న గ్రాంట్: వాడి చూశాక నా రివ్యూ (5కి 3.5)

ముందే చెప్పేస్తా, గ్రాంట్ ఇచ్చినవాళ్ళ పేరు రాయట్లేదు, వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, డబ్బులూ ఎగ్గొట్టలేదు. కాకపోతే ఇలాంటి గ్రాంట్‌కి అప్లై చేద్దామనుకునే చిన్న ఊళ్ళ లైబ్రరీల వాళ్ళు నాలా తెలియక దూకేయకూడదని రాస్తున్నా.

మా లైబ్రరీ అంటే ఒక హాలు, నాలుగు బల్లలు, జీతం తీసుకునే మనిషి ఒక్కరే, ఆ లైబ్రేరియన్ గారు. నేను సాయంత్రాలు వెళ్ళి పుస్తకాలు సర్దే వాలంటీర్ని. ఒకరోజు ఆవిడ "లెక్కల మీద ప్రోగ్రాం పెట్టుకుంటే గ్రాంట్ ఇస్తారంట, ఫారం నువ్వే నింపు బాబూ" అని నామీద పడేశారు.

ఫారం విషయంలో ఫుల్ మార్కులు. నాలుగే పేజీలు, ఎవరి కోసం చేస్తున్నారు, ఎంతమంది రావొచ్చు, దేనికి ఎంత ఖర్చు, అయిపోయాక ఏం మిగుల్తుంది, అంతే. ఈ చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది చూశాకే బ్యానర్లు, బెలూన్లు కొట్టేసి వస్తువుల మీద పెట్టాం. జీతాలకీ తిండికీ వాడకూడదన్నారు, సరే. మన వంతు కూడా ఎంతో కొంత చూపించాలన్నారు, వాలంటీర్ల గంటల్ని లెక్కేసుకోవచ్చట, అదీ బానే ఉంది.

అసలు తలనొప్పి ఆ తర్వాత. డబ్బులు ముందు ఇవ్వరు! మనం పెట్టుకుని బిల్లులు పంపితే తర్వాత వేస్తారు. ఇది ఫారంలో ఉంది, చిన్న అక్షరాల్లో కూడా కాదు, మామూలుగానే ఉంది, నేనే సరిగ్గా చదవలేదు, ఒప్పుకుంటా. కానీ అకౌంట్స్ సెక్షన్ ఉన్న పెద్ద లైబ్రరీకి అదో లెక్క కాదు, మాలాంటి చోట చేతిలో డబ్బులేవి, లైబ్రేరియన్ గారే సొంత డబ్బులు పెట్టారు, అవి తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. నేను అర మార్కు కాదు, నిండా ఒక మార్కు కోశా.

ప్రోగ్రాం మార్చి 14న పెట్టాం, యునెస్కో 2019లో అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించిన రోజు, పై (π) విలువ 3.14 కాబట్టి పై డే కూడా అదే. ఒక బల్ల మీద మూతలు, పళ్ళేలు, దారం పెట్టి చుట్టుకొలతని అడ్డుకొలతతో భాగించమన్నాం, ఆ 3.14కి దగ్గరగా రావాలి, సాగే దారం ఇచ్చిన నా తెలివికి ఒకమ్మాయికి 2.8 వచ్చింది, "పుస్తకంలో తప్పుంది అన్నా" అని వాదించింది. ఇంకో బల్ల మీద మోబియస్ పట్టీ, పొడుగు కాగితాన్ని ఒక్క సగం మెలిక తిప్పి కొసలు అంటించి నడిమధ్యన కత్తిరిస్తే రెండు ముక్కలు అవ్వాలి కదా, అవ్వదు, ఒకటే పెద్ద చుట్ట అవుతుంది. అదే మూడో వంతు దగ్గర కత్తిరిస్తే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు చుట్టలొస్తాయి. దీనికైన ఖర్చు పాత కాగితాలూ జిగురూ, జనం ఎక్కువ మూగింది కూడా ఇక్కడే, గ్రాంట్ రాకపోయినా చేయొచ్చు అని అప్పుడు తట్టింది.

డబ్బు నిజంగా పనికొచ్చింది మాత్రం హనోయ్ టవర్‌కి. 1883లో ల్యూకా అనే ఫ్రెంచ్ లెక్కలాయన పెట్టిన ఆట, మూడు కడ్డీలు, చిన్నా పెద్దా బిళ్ళలు, అన్నిటినీ ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చాలి, ఒకసారికి ఒకటే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. మా వడ్రంగి తాతకి ఏడు బిళ్ళలు చేయమని చెప్పాం, ఆయన చెక్క మిగిలిందని ఎనిమిది చేసి తెచ్చాడు. ఏడైతే తక్కువలో తక్కువ 127 ఎత్తులు, ఎనిమిదైతే 255. "ఒక్క బిళ్ళకే ఇంతా?" అని ఆయనే కూర్చుని మొదలెట్టాడు, చుట్టూ పిల్లలు గట్టిగా లెక్కపెడుతున్నారు, అరవై దాటాక లెక్క తప్పి మళ్ళీ మొదటికి. లైట్లు ఆపేదాకా లేవలేదు తాత.

ఇప్పుడు చూడండి కామెడీ. ఆయన బిల్లు నోటుబుక్కు కాగితం మీద రాసిచ్చాడు, ప్రింటెడ్ బిల్లు కావాలని వెనక్కి పంపారు. ఆన్‌లైన్‌లో ఇంకా ఎక్కువ పెట్టి ప్లాస్టిక్‌ది కొనుంటే ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు కాదు! చివరికి ఆయన సంతకంతో, లైబ్రరీ స్టాంపుతో ఒక రసీదు తయారుచేసి పంపితే ఒప్పుకున్నారు, అదేదో ముందే చెప్పొచ్చు కదా. రిపోర్టులోనూ ఎంతమంది వచ్చారు అనే గడి ఒక్కటే ఉంది, ఎంతసేపు కూర్చున్నారు అనేదానికి లేదు. రెండు నిమిషాలు తొంగి చూసి పోయినవాడూ ఒకటే, తాతా ఒకటే.

అప్లై చేసేవాళ్ళు ముందు ఒక మెయిల్ పెట్టి కనీసం సగం అడ్వాన్స్ ఇస్తారా, చేతిరాత రసీదులు చెల్లుతాయా అడగండి, జవాబులు మర్యాదగానే ఇస్తారు. బిల్లులన్నీ లైబ్రరీ పేరు మీదే తీసుకోండి. మేం మళ్ళీ అప్లై చేశాం, ఈసారి ఆ ఎనిమిదో బిళ్ళని "మా వంతు" గడిలో వేశా, ఏమంటారో చూడాలి.