యాప్ రివ్యూలతో యూజర్ల నాడి పట్టడం: చాలాకాలం వాడాక ఒక సమీక్ష

యాప్ గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్ రివ్యూలను చాలాకాలంగా వాడుతున్నాను. ఏది చెడిందో పట్టుకోవడానికి ఇంత చవకైన, ఇంత వేగమైన దారి మరొకటి కనిపించలేదు. ఎంతమందికి చెడిందో మాత్రం ఇవి చెప్పలేవు. పైన పెద్ద అక్షరాల్లో కనిపించే సగటు రేటింగ్ ఈ రెండింటిలో దేనికీ అక్కరకు రాదు.

ఎందుకంటే ఆ అంకె వెనక లెక్క మనం అనుకున్నంత సూటిగా ఉండదు. ప్లే స్టోర్ 2019 ఆగస్టు నుంచి కొత్త రేటింగులకు ఎక్కువ బరువు ఇస్తోంది. 2021 నవంబరులో దేశాలవారీ రేటింగ్ కూడా వచ్చింది. యాపిల్‌లోనూ దేశానికో సగటు ఉంటుంది. పైగా కొత్త వెర్షన్ విడుదల చేసేటప్పుడు డెవలపర్ ఆ సగటును మళ్లీ మొదటినుంచి లెక్కించమనొచ్చు. రాసిన రివ్యూలు మాత్రం అలాగే ఉంటాయి. రేటింగ్ అడిగే పెట్టె ఎప్పుడు తెరుచుకుంటుందన్నదీ ముఖ్యమే. యాపిల్ దాన్ని ఒక యూజర్‌కు 365 రోజుల్లో మూడుసార్లకు మించి చూపించదు. ఆ అవకాశాలన్నీ పని సాఫీగా పూర్తయిన క్షణంలోనే వాడుకుంటే, యాప్‌లో ఏ మార్పూ లేకుండానే స్టార్లు పెరుగుతాయి.

అందుకే నేను చదివేది రాతనే. ముందుగా వరుసను ‘కొత్తవి ముందు’కు మార్చాలి. మామూలుగా స్టోర్ పైన పెట్టేవి తనకు ముఖ్యమనిపించినవి, వాటిలో నెలల పాతవీ ఉంటాయి. తర్వాత ఒక్కో రివ్యూను తేదీ, వెర్షన్, స్టార్లు, భాషలతో పట్టికలోకి ఎక్కించాలి. సొంత యాప్ అయితే ప్లే కన్సోల్‌లో (డెవలపర్లకు గూగుల్ ఇచ్చే నిర్వహణ పేజీ) ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా దొరుకుతాయి. వెబ్ నుంచి రాసిన రివ్యూలకు ఆ వివరాలు ఉండవు కాబట్టి ఖాళీ గడులు తప్పవు.

సేకరణలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: గూగుల్ రివ్యూల ఏపీఐ (ప్రోగ్రాంతో నేరుగా రివ్యూలు తెచ్చుకునే దారి) గత వారం రోజుల్లో రాసినవి, మార్చినవి మాత్రమే ఇస్తుంది, అదీ రాత ఉన్నవాటినే. వాటిని దింపే మన స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) ఒక్క వారం ఆగితే ఆ వారం ఏపీఐలో మళ్లీ దొరకదు, కన్సోల్ ఇచ్చే నెలవారీ సీఎస్‌వీలో (పట్టిక రూపంలోని ఫైల్) వెతుక్కోవాలి. ఇంకో చిక్కు, యూజర్ తన రివ్యూను మార్చితే స్టోర్‌లో పాతది పోయి కొత్తది కొత్త తేదీతో నిలుస్తుంది. మనం ఇచ్చిన జవాబు (ప్లేలో 350 అక్షరాలే) చదివి ఒకరు 1 స్టార్‌ను 4 చేస్తే, మార్చి నెల ఫిర్యాదు గ్రాఫ్‌లోంచి మాయమై మేలో మెచ్చుకోలుగా తేలుతుంది. కాబట్టి రోజూ దింపుకోవాలి, రివ్యూ ఐడీ (ఒక్కో రివ్యూకు ఉండే గుర్తింపు సంఖ్య) ఆధారంగా పాత ప్రతినీ దాచుకోవాలి.

చదవడంలో నా మొగ్గు 2, 3, 4 స్టార్ల వైపు. ఒక్క స్టార్‌లో కోపం ఎక్కువ, వివరం తక్కువ. అయిదింటిలో ‘సూపర్’ దాటి ఏమీ ఉండదు. మధ్యవాటిలో ఇలాంటివి దొరుకుతాయి: ‘యాప్ బాగుంది. కానీ కొత్త అప్‌డేట్ తర్వాత ఓటీపీ చూడ్డానికి మెసేజ్‌లోకి వెళ్లొస్తే మళ్లీ మొదటి స్క్రీన్‌కే వస్తోంది.’ నాలుగు స్టార్లే కదా అని దీన్ని సంతృప్తి ఖాతాలో వేస్తే లోపం చేజారినట్టే. దీన్ని రెండు ముక్కలు చేయాలి: మొత్తంగా ఇష్టం, లాగిన్‌లో అడ్డంకి. రెండో ముక్కలో కారణం వెతకాల్సిన చోటు కూడా ఉంది. యాప్ వెనక్కి వెళ్లినప్పుడు స్క్రీన్ స్థితి భద్రంగా ఉంటోందా లేదా చూడాలి.

సెంటిమెంట్ స్కోరు, అంటే రాతలో ఉన్నది మెచ్చుకోలో కోపమో చెప్పే మార్కు, ఇచ్చే రెడీమేడ్ పరికరాలను ఒంటరిగా నమ్మను. పదాల జాబితా మీద నడిచేవి తలనొప్పి నమోదు చేసే యాప్‌లో ‘తలనొప్పి’ అన్న ప్రతి మాటకూ మార్కులు కోస్తాయి. సొంత భాషను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన రివ్యూలను చాలావాటికి చదవడమే రాదు. ‘అప్‌డేట్ అద్భుతం, ఫోటోలన్నీ పోయాయి’ అన్నదాన్ని పొగడ్తగా లెక్కిస్తాయి. ముందు ఒక 200 రివ్యూలకు ఇద్దరు విడివిడిగా లాగిన్, చెల్లింపు, వేగం, ప్రకటనలు వంటి పది లోపు లేబుళ్లు వేయాలి. ఇద్దరి లేబుళ్లు ఎక్కడ కలవలేదో చూసి నిర్వచనాలు సరిచేశాకే ఆ పని యంత్రానికి అప్పగించాలి. చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్లు ఈ పని మెరుగ్గానే చేస్తాయి, కానీ వాటినీ ఈ 200తోనే పరీక్షించాలి.

చిన్న సంఖ్యలతో జాగ్రత్త. కొత్త వెర్షన్‌కు 12 రివ్యూలొచ్చి వాటిలో 3 ఒక్క స్టార్‌వి అయితే 25 శాతం అంటాం. 95 శాతం నమ్మకంతో చూస్తే అసలు విలువ 9 నుంచి 53 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 300కి 75 వస్తే అదే 25 శాతం 20–30 మధ్యకు బిగుస్తుంది. అప్‌డేట్‌ను కొద్దిమందికే వదిలిన తొలి రోజుల్లో శాతాలు పక్కనపెట్టి, ఒకే ఫిర్యాదు వేర్వేరు ఫోన్లలో మూడుసార్లు వచ్చిందా అన్నది చూడటం మేలు.

మాట్లాడకుండా యాప్ తీసేసినవాళ్లు ఈ లెక్కలో ఎక్కడా ఉండరు. అందుకే ఫిర్యాదుల పట్టిక పక్కన అదే వెర్షన్ క్రాష్‌లు, అన్‌ఇన్‌స్టాల్‌లు ఉంచుకుంటాను. రివ్యూలు ప్రశాంతంగా ఉండి అన్‌ఇన్‌స్టాల్‌లు పెరిగిన వారంలో రివ్యూలు చదవడం ఆపి, కొత్తగా చేరినవాళ్లు ఏ స్క్రీన్ దగ్గర ఆగిపోతున్నారో చూస్తాను.